రెండు పొట్టి కూతలు

"మీ వీడ్కోలు సభ ఎల్లుండి సాయంత్రం పెట్టాం. ఆ వేళకి మీరు ఇక్కడుండాలంటే, నా మాట విని ఇవాళే బయల్దేరండి," అన్నాడు కుర్ర ఆఫీసరు, రిటైరవుతున్న ఇంజను డ్రైవరుతో.

గది గదంతా నవ్వింది. గుమాస్తాలు నవ్వారు. టీ తెచ్చినావిడ నవ్వింది. సంతకం కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు కూలీలు, ఆఫీసరు నవ్వాడు కదా అని తామూ నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వింది మాత్రం గార్డు. నవ్వడా మరి? ఆ జోకు అతనిదే. టీ కొట్టు దగ్గర ఏదో ఊసుపోక వదిలిన మాట, ఊరంతా తిరిగి, కొత్త చొక్కా తొడుక్కుని, ఏకంగా ఆఫీసరు నోట్లోంచి బయటికొచ్చింది. కొడుకు పెద్ద ఉద్యోగంలో చేరినంత సంతోషం కలిగింది గార్డుకి.

ఆ లైను మొత్తం అతన్ని కబుర్ల గార్డు అంటారు. డ్రైవరుని నిదానం అంటారు. వాళ్ళిద్దరూ నడిపే ప్యాసింజరుకి కాగితాల మీద ఏదో నంబరుంది గాని దాన్ని వాడినవాడు లేడు. జనం పెట్టిన పేరు తొందరేంబండి.

నవ్వుతూనే గార్డు డ్రైవరు వైపు తిరిగాడు. ఆయన కూడా నవ్వుతున్నాడు. కాకపోతే చేతిలోని పనిముట్ల పెట్టె పిడిని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. ఆ పిడి పొద్దుటే తుడిచింది, అద్దంలా ఉంది. గదిలో నవ్వు లేచినప్పుడు గుడ్డ ఆగింది. నవ్వు తగ్గాక మళ్ళీ కదిలింది. గార్డుకి ఆ చిరునవ్వు బాగా తెలుసు. మెయిలుకి దారిమ్మని తమ బండిని పక్క పట్టా మీదకి తోసేసినప్పుడు, ఇంజను తలుపులో నిలబడి, దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయే ఆ పెద్ద బండిని చూస్తూ ఆయన నవ్వే నవ్వు అది. తప్పుకోమన్నవాడికి తప్పుకుంటూ నవ్వే నవ్వు.

బయట మెట్లు దిగుతుంటే డ్రైవరు అడిగాడు, "అది కూడా నీదేనా, తమ్ముడూ?"

"జోకులకి తల్లీతండ్రీ ఉండరన్నా. దిక్కులేని పిల్లలు," అన్నాడు గార్డు.

"బావుంది," అన్నాడాయన.

అంతే అన్నాడు. తిట్టినా బావుండేది. ఇన్నేళ్ళ సావాసంలో ఆయన ఒక్క జోకుకీ మనసారా నవ్వింది లేదు, ఒక్క జోకునీ వద్దన్నదీ లేదు. ప్లాట్‌ఫారం మీద ముందుకి, ఇంజను వైపు నడిచిపోతున్న ఆ వీపుని చూస్తూ గార్డు వెనక పెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎల్లుండి సభలో మైకు తన చేతికే ఇస్తారు. ఎప్పుడూ అంతే. డ్రైవరు వంచిన తల ఎత్తకుండా కూర్చుంటాడు, తను జోకు మీద జోకు విసురుతాడు, హాలు ఊగిపోతుంది. ఉద్యోగమంతా చేసి ఆ మనిషి ఇంటికి పట్టుకెళ్ళేది ఆ నవ్వులేనా?

ఆ మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో గార్డు మొదటిసారి తన బండిని తనే కొత్తవాడిలా చూశాడు.

పొద్దున పోయేటప్పుడు బండి ఖాళీ. తిరిగొచ్చేటప్పుడే జనం. కూరగాయల గంపల వాళ్ళు, మిల్లులో రాత్రి పనికెళ్ళేవాళ్ళు, ఆస్పత్రికి పోయేవాళ్ళు. స్టేషన్ల మధ్య చిన్న చిన్న హాల్టులున్నాయి. స్టేషన్ మాస్టరుండడు, గది ఉండదు. మట్టి దిబ్బ, పేరు రాసిన పలక, అక్కణ్ణించి పొలాల్లోకి పోయే కాలిబాట. అలాంటి ప్రతి చోటా ఇంజను తలుపులోంచి డ్రైవరు తల బయటికొస్తుంది. కాలిబాట చివరిదాకా చూస్తాడు. ఎవరైనా వస్తుంటే ఒక పొట్టి కూత వేస్తాడు. అంటే, మనిషి వస్తున్నాడు, ఆగు అని. రెండు పొట్టి కూతలంటే, వచ్చేవాళ్ళు పరిగెత్తలేరు, చంకలో పిల్లో చేతిలో కర్రో ఉంది అని. వెనక గార్డు పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుంటాడు. వాళ్ళొచ్చి, గంప పైకందించి, ఆయాసం తీర్చుకున్నాక జెండా విప్పుతాడు. ఏ రూలు పుస్తకంలోనూ లేని పద్ధతి. ఆ లైను మీద తప్ప ఇంకెక్కడా లేని పద్ధతి.

అక్కడ కొంత ఆలస్యం. ఆ ఆలస్యం చూసి కంట్రోలరు విసుక్కుని బండిని పక్క పట్టా మీద పడేస్తాడు. మెయిలు పోవాలి, ఎక్స్‌ప్రెస్ పోవాలి, బొగ్గు బండి కూడా పోవాలి. అక్కడ ఇంకా ఆలస్యం. అన్నీ కలిసి చివరికి డ్రైవరు ఖాతాలో పడతాయి. పేరు నిదానం.

పెట్టెల్లో మాత్రం ఎవరికీ కోపం లేదు. ఎక్కినవాడు ఎక్కినట్టు ఒక జోకు అందుకుంటాడు. ఆ రోజు కూడా గంపలావిడ ఒకతె పక్కావిడకి చెబుతోంది. ఎవడో ప్రేమించిన పిల్లకి ఉత్తరం రాసుకుని ఈ బండెక్కాడట. దిగి చేతికిచ్చేసరికి, ఆ పిల్ల మనవరాలు తీసుకుని, అమ్మమ్మకి చూపు ఆనడం లేదు, చదివి వినిపిస్తా కూర్చోండి అందట. మిల్లు మనిషి అంతకంటే మంచిది తన దగ్గరుందన్నాడు. పట్టాల మధ్య తాబేలు నడుస్తుంటే మన డ్రైవరు కూత వేశాడట. అది వెనక్కి తిరిగి, అంత తొందరైతే నువ్వే దాటిపో అందట. అందరూ నవ్వారు. రెండూ గార్డువే. మామూలుగా అయితే మూడోది అందుకునేవాడు. ఆ రోజు కిటికీలోంచి బయటికి చూశాడు. ఇంజను తలుపులో డ్రైవరు తల కనబడుతోంది. కాలిబాట మీద కట్టెలమోపుతో ఎవరో వస్తున్నారు. రెండు పొట్టి కూతలు పడ్డాయి.

గార్డు జెండా చుట్టాడు. చుడుతూ నిర్ణయించుకున్నాడు. ఎల్లుండి, ఆయన ఆఖరి ట్రిప్పు, టైముకి చేరాలి. ఒక్కరోజు. ఆఫీసరు, గుమాస్తాలు, టీ ఇచ్చేవాళ్ళు అందరూ చూస్తుండగా, గడియారం ముల్లు సాక్షిగా బండి ప్లాట్‌ఫారం మీదకి రావాలి. అప్పుడు నవ్వమను, ఎవరు నవ్వుతారో చూద్దాం.

*

మర్నాడు గార్డు కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. బండి ఆగిన ప్రతి స్టేషన్లోనూ మాస్టరు గదిలోకి దూరాడు. అందరికీ ఒకటే విన్నపం: రేపు మధ్యాహ్నం లైను ఖాళీగా ఉంచండి, సిగ్నల్ ముందే పడెయ్యండి, ఈ సంగతి మూడో చెవికి తెలియనివ్వకండి. ఒక మాస్టరు చేతిలో టీ పక్కనపెట్టి, తర్వాతేంటో చెప్పమన్నాడు. తర్వాతేం లేదన్నాడు గార్డు. అసలు ముక్క మర్చిపోయి ఉంటావు, గుర్తుచేసుకో, నేనాగుతా అన్నాడు మాస్టరు. అది జోకు కాదని నమ్మించేసరికి గార్డుకి చెమటలు పట్టాయి.

అసలు కొండ కంట్రోలరు. ఎక్కడో పెద్ద గదిలో కూర్చుని, చెవికి ఫోను తగిలించుకుని, అన్ని బండ్ల తలరాతా రాసేవాడు ఆయనే. గార్డు స్టేషన్ ఫోనులో బతిమాలాడు.

"నీ బండికి దారిచ్చి మెయిలుని వెనక ఉంచనా? నిన్నెవరు పంపారయ్యా, నవ్వలేక చస్తున్నా."

గార్డు నవ్వలేదు. ఆ మనిషి ఈ లైను మీద ఇన్నాళ్ళూ అందరికీ దారిచ్చాడని, ఆఖరి రోజు ఒక్కసారి మనం ఆయనకి దారిద్దామని అన్నాడు. గొంతులో వేళాకోళం లేదు. అది కంట్రోలరుకి వినబడింది కాబోలు, మాట మారింది.

"సరే. దారిస్తా. కానీ విను. మెయిలు నీ వెనకే వస్తుంటుంది. ఎక్కడైనా సరే, ఏ కాస్త జాప్యం చేశావో, పక్క పట్టా మీద పడేస్తా. మళ్ళీ నన్నడగొద్దు."

గార్డు ఫోను పెట్టి బయటికొచ్చాడు. ఇంజను పక్కన నిలబడి డ్రైవరు అరటిపండు ఒలుచుకుంటున్నాడు. ఎక్కడికెళ్ళావని అడిగాడు. మంచినీళ్ళకి అన్నాడు గార్డు.

మాట దాచుకోవడం ఇంత కష్టమని గార్డుకి ఆ రోజే తెలిసింది. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, భార్యకి మరీ తెలుసు. ఆ సాయంత్రం అతను ఇంటికెళ్ళేసరికి ఆవిడ ఇద్దరు పొరుగువాళ్ళతో ఏదో గుసగుసలాడుతోంది. అతన్ని చూసి ముగ్గురూ ఠక్కున ఆగిపోయారు. ఏంటన్నాడు. ఏం లేదంది. మామూలు రోజైతే తేల్చుకునేదాకా వదిలేవాడు కాదు. ఆ రోజు తన కడుపులోనే ఒకటి పొర్లుతుంటే, పక్కవాళ్ళ కడుపులో ఏముందో తవ్వే ఓపిక లేకపోయింది.

భోజనం దగ్గర ఆవిడే డ్రైవరు భార్య ఊసు కదిపింది.

"వదినగారు నిన్న చెల్లెలింటికెళ్ళారు. ఆ మలుపు హాల్టు పక్క ఊరు."

"మోకాళ్ళ నొప్పితో ఇప్పుడెందుకటా? రేపు సభ కదా."

"వచ్చేస్తారులే," అంది ఆవిడ. తర్వాత పళ్ళెం సర్దుతూ, అటువైపు తిరిగి, ఏమీ పట్టనట్టు అడిగింది, "రేపు కూడా బండి మామూలేగా?"

గార్డు నోరు తెరిచాడు. మొత్తం నాలిక చివరికొచ్చింది. కంట్రోలరుని ఎలా పడగొట్టాడో, మాస్టర్లని ఎలా ఒప్పించాడో చెప్పి, భార్య కళ్ళు పెద్దవి కావడం చూడాలనిపించింది. కానీ ఈవిడకి చెబితే పొరుగుకి చెప్పినట్టే. పొరుగుకి తెలిస్తే డ్రైవరుకి తెలుస్తుంది. తెలిస్తే ఆయన సిగ్గుపడి, వద్దు తమ్ముడూ, ఎందుకిదంతా అంటాడు.

"మామూలే," అన్నాడు. "దానికి తొందరేం?"

ఆవిడ నవ్వుకుంది. జీవితంలో మొదటిసారి మాట దాచానని గార్డు గర్వంగా పడుకున్నాడు.

*

ఆఖరి ట్రిప్పు బయల్దేరే స్టేషన్లో సిగ్నల్ ముందే పడి ఉంది. డ్రైవరు దాన్ని చూసి, వెనక్కి తిరిగి గార్డు వైపు చూశాడు. గార్డు ఈల ఊది పచ్చజెండా ఊపాడు. బండి టైముకి కదిలింది.

మొదటి స్టేషన్లో పళ్ళబుట్టలతో ఇద్దరు ఎక్కారు. మిగతా ప్లాట్‌ఫారం ఖాళీ. టీ అమ్మేవాడు పొయ్యి ఇంకా వెలిగించలేదు. అగ్గిపుల్ల చేత్తో పట్టుకుని, కదులుతున్న బండిని, అది వేరే ఎవరి బండో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. గార్డుకి నవ్వొచ్చింది. ఈ బండి రావడం చూసి పొయ్యి వెలిగించుకోవడం వాడి అలవాటు.

రెండో స్టేషన్ మాస్టరు తలుపులో నిలబడి బొటనవేలు చూపించాడు. ఎక్కినవాళ్ళు లేరు. తర్వాతి హాల్టులో రోజూ ఎక్కే మిల్లు మనుషులు దూరంగా చెట్టుకింద పేకాడుతున్నారు. బండి కదిలాక ఒకడు తలెత్తాడు. ముక్కలు పారేసి లేచాడు. పరిగెత్తాడు గాని అందలేదు. డ్రైవరు అటు చూసి ఒక కూత వేశాడు, అప్పటికే బండి ఊపందుకుంది. గార్డు కిటికీలోంచి చెయ్యెత్తి, రేపట్నుంచి కొత్త బండి, దానికి టైమంటే టైమే, అలవాటు చేసుకోండి అని అరిచాడు. వాళ్ళకి వినబడిందో లేదో.

పెట్టెల్లోంచి ఈసారి జోకులు వినబడలేదు. జనమే లేరు. ఖాళీ బల్లల మీద ఎండ జరుగుతోంది. ఎన్నడూ లేని వేగానికి కిటికీ రెక్కలు గడగడమంటున్నాయి. చక్రాల చప్పుడు కూడా కొత్తగా ఉంది. గార్డు జేబులోంచి గడియారం తీసి చూశాడు. ముల్లుకీ బండికీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. వెనక్కి చూశాడు. దూరంగా పట్టాల చివర పొగరంగులో చుక్క. మెయిలు. ఇన్నేళ్ళలో మొదటిసారి మెయిలు తమ వెనక వస్తోంది, తాము దాని ముందు పోతున్నారు. లేచి నిలబడి జెండాని విదిల్చి మళ్ళీ చుట్టాడు. ఇక మిగిలింది మలుపు హాల్టు, తర్వాత రెండు స్టేషన్లు, అంతే.

మలుపు హాల్టు దగ్గర పట్టాలు వంకీ తిరుగుతాయి. ఇంజను మలుపు దాటి ఆగుతుంది. వెనక పెట్టె ఇంకా ఇవతలే ఉంటుంది. ఇంజను దగ్గరున్నవాడికి కాలిబాట నేరుగా కనిపిస్తుంది. వెనకున్నవాడికి ఏటవాలుగా, సాయంత్రపు ఎండకి ఎదురుగా కనిపిస్తుంది.

బండి ఆగింది. దిబ్బ మీద ఒక్క మనిషి లేడు. గార్డు దిగాడు, గడియారం చూశాడు, జెండా విప్పాడు.

రెండు పొట్టి కూతలు.

గార్డు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. కాలిబాట మీద, ఇంకా చాలా దూరంలో, జనం. గుంపుగా వస్తున్నారు. పరిగెత్తడం లేదు. తీరిగ్గా, కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నట్టు నడుస్తున్నారు. ముందున్న మనిషి కర్ర ఊతంతో అడుగులో అడుగు వేస్తోంది. ఎండలో అందరూ నల్లటి నీడలు. ఎవరి చేతుల్లోనో రంగురంగులవి ఏవో ఉన్నాయి, గొడుగులు కాబోలు.

వాళ్ళు వచ్చేదాకా ఆగితే అంతే సంగతులు. మెయిలు వెనకే ఉంది. కంట్రోలరు మాట మాటే. తర్వాతి స్టేషన్లో పక్క పట్టా సిద్ధంగా ఉంటుంది. మెయిలు దూసుకుపోతుంది, దాని వెనక బొగ్గు బండి. డ్రైవరు తలుపులో నిలబడి నవ్వుతూ చూస్తాడు. సభలో ఆఫీసరు గడియారం చూసుకుంటూ ఇంకో జోకు వేస్తాడు. అది కూడా తనదే అయి ఉంటుంది.

ఇంతకాలం వీళ్ళ కోసం ఆగాడు కదా ఆయన. ఈ ఒక్కరోజు వీళ్ళు ఆయన కోసం బండి తప్పితే ఏం పోయింది? ఎవరైనా సరే.

గార్డు పచ్చజెండా ఊపాడు.

బండి కదల్లేదు. ఇంజను తలుపులోంచి డ్రైవరు వెనక్కి చూస్తున్నాడు. అంత దూరం నుంచి ముఖం కనబడదు, చూస్తున్న సంగతి మాత్రం తెలుస్తుంది. మళ్ళీ రెండు పొట్టి కూతలు పడ్డాయి. ఈసారి రెండింటి మధ్యా కాస్త ఎడముంది.

గార్డు జెండాని ఇంకా పైకెత్తి, చెయ్యి నొప్పెట్టేలా ఊపాడు. ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు.

ఇంజను తలుపులోంచి తల లోపలికెళ్ళింది. బండి కదిలింది.

వెనక పెట్టె కాలిబాట మొదలుని దాటేటప్పుడు గార్డు ఒకసారి అటు చూశాడు. గుంపు నడక ఆపేసింది. పొలం మధ్యలో అందరూ నిలబడిపోయి ఉన్నారు. ముందున్న మనిషి కర్రని గాల్లోకి ఎత్తి పట్టుకుంది. ఆపమనో, వెళ్ళిరమ్మనో తెలియలేదు. పాపం అనుకున్నాడు గార్డు. అనుకుని గడియారం వైపు తిరిగాడు.

*

బండి టైముకి వచ్చింది. పెద్ద స్టేషన్ గడియారం ముల్లు అంకె మీద పడుతుండగా ఇంజను ప్లాట్‌ఫారం చివర ఆగింది.

చూసినవాడు లేడు. సభ కోసం కుర్చీలు మోస్తున్న ఇద్దరు, కుర్చీలు నెత్తిన పెట్టుకుని నిలబడి, ఇది ఏ బండి అని ఒకరినొకరు అడుగుతున్నారు. హాలు తాళం ఇంకా తీయలేదు. ఆఫీసరు మధ్యాహ్నపు నిద్ర ఇంకా లేవలేదని, లేచి స్నానం చేసి వస్తారని గుమాస్తా ఒకడు పరుగున వచ్చి చెప్పాడు. మీరు ఇంత తొందరగా వస్తారని ఎవరనుకుంటారండీ అన్నాడు, తప్పు తనది కాదన్నట్టు.

గార్డుకి అవేం పట్టలేదు. ప్లాట్‌ఫారం పొడుగునా పరిగెత్తి ఇంజను దగ్గరకి వెళ్ళాడు. డ్రైవరు అప్పుడే దిగి, చేతులు తుడుచుకుంటున్నాడు.

"గడియారం చూశావా అన్నా? చూడు, చూడు."

"చూశాను."

"అందరికీ చెప్పి పెట్టాను. కంట్రోలరు కాళ్ళావేళ్ళా పడ్డాను. నీ ఆఖరి బండి లేటని ఒక్కడు అనకూడదని."

డ్రైవరు నూనెగుడ్డని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా ఉంది.

"మలుపు దగ్గర కూశాను. వినబడలేదా?"

"వినబడింది. ఎవరో ముసలాళ్ళున్నారు గుంపులో. ఆగితే పక్క పట్టా మీద పడేసేవాళ్ళన్నా. ఈ ఒక్కరోజుకి..."

"మీ వదిన," అన్నాడాయన.

గార్డుకి మొదట అర్థం కాలేదు.

"ముందు నడుస్తున్నది మీ వదిన. ఆ నడక నాకు తెలీదా? వెనక వాళ్ళ చెల్లెలు, ఆ ఊరివాళ్ళు. పూలు పట్టుకుని ఉన్నారు. నాతోపాటు ఇంజను వెనక పెట్టెలో వద్దామనుకున్నట్టున్నారు. నాక్కూడా చెప్పలేదు."

ఖాళీ ప్లాట్‌ఫారం మీద కుర్చీలు దించుతున్న చప్పుడు. గార్డు నోటికొచ్చిన మాట అతనికే సిగ్గనిపించింది.

"మరి ఆపెయ్యొచ్చుగా అన్నా. నువ్వు కదలకపోతే నేనేం చేసేవాణ్ణి?"

"నువ్వు జెండా ఊపావు కదా," అన్నాడు డ్రైవరు.

నింద కాదు. నిజంగానే కారణం చెప్పాడు. వెనక ఏం జరుగుతోందో ముందున్నవాడికి కనబడదు, జెండా ఊగిందంటే ఏదో అవసరం ఉండే ఊపాడు అనుకోవాలి. అలా అనుకునే ఆ మనిషి ఇన్నేళ్ళు బండి నడిపాడు.

పాల వ్యాను ఒకటి ఊళ్ళ మీద తిరిగి తిరిగి, వాళ్ళందర్నీ మోసుకుని స్టేషన్ ముందు ఆగేసరికి పొద్దు వాలుతోంది. సరిగ్గా తొందరేంబండి రోజూ వచ్చే వేళకి. వదిన కర్ర ఊతంతో దిగింది. దుమ్ముకి ముఖం ఎర్రబడింది. ఆవిడ చేతిలో పూలగుత్తి కాడలు వాడి వంగిపోయాయి. వెనకాల పదిమంది దాకా దిగారు, పొద్దున్నే ఆ ఊరెళ్ళి వాళ్ళతో కలిసిన గార్డు భార్య కూడా అందులో ఉంది. ఆవిడ గార్డుని చూడగానే కళ్ళతోనే నిలదీసింది. మామూలే అన్నావుగా అని.

వదిన తిన్నగా భర్త దగ్గరకి వెళ్ళింది.

"ఊళ్ళో ప్రతి కర్రకీ ప్రతి చంటిపిల్లకీ బండి ఆపారు. నా కర్ర కనబడలేదా మీకు?"

దెప్పుతున్నట్టే అంది గాని గొంతు చివర తడి ఉంది. రేపట్నుంచి వచ్చే కొత్త బండి మలుపు హాల్టులో ఆగదు. ఆయన నడిపే బండిలో కూర్చుని రావడం ఇక ఉండదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

గార్డు ఒక అడుగు ముందుకి వేశాడు. వదినా అనబోయాడు. ఈలోగా డ్రైవరు అన్నాడు.

"చూశాను. కూత వెయ్యడం మర్చిపోయాను."

"మర్చిపోయారా?"

"ఆఖరి రోజు కదా. చెయ్యి తడబడింది. కూత లేకపోతే పాపం తమ్ముడికేం తెలుస్తుంది, జెండా ఊపేశాడు."

వదిన ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత పూలగుత్తి ఆయన చేతిలో పెట్టి, మీ మతిమరుపు తగలెయ్య అంది. గార్డు వైపు తిరిగి, నువ్వేం చేస్తావులే మరిదీ అంది. గార్డు నోరు తెరుచుకునే ఉంది. అప్పటికే అందరూ హాలు వైపు కదిలారు.

సభ నిండుగా జరిగింది. ఆఫీసరు తల దువ్వుకుని వచ్చి, బండి టైముకి వచ్చిందని విని, నమ్మక, గుమాస్తాని మళ్ళీ అడిగి, మైకులో ఆ మాట చెప్పి అందర్నీ నవ్వించాడు. గడియారమే ఆగిపోయి ఉంటుందన్నాడు. శాలువా స్థానంలో తోలు పెట్టె ఒకటి ఇచ్చారు, ప్రయాణాలకి పనికొస్తుందని. డ్రైవరు తల వంచుకునే అందుకున్నాడు. తర్వాత అందరూ కబుర్ల గార్డు, కబుర్ల గార్డు అని బల్లలు చరిచారు.

గార్డు లేచి మైకు పట్టుకున్నాడు. ముందు వరసలో వదిన కూర్చుని ఉంది, కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, నవ్వడానికి సిద్ధంగా. పక్కనే డ్రైవరు.

"ఇవాళ మా బండి టైముకొచ్చింది," అన్నాడు గార్డు.

నవ్వు.

"నేనే తెప్పించాను. అందుకని రావలసినవాళ్ళెవరూ అందులో రాలేదు."

ఇంకా పెద్ద నవ్వు. వెనక ఎవరో ఈల వేశారు. గార్డు ఆగాడు. చెయ్యెత్తి, నవ్వు తగ్గేదాకా ఓపిక పట్టాడు. వదిన వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు.

"అన్న కూత మర్చిపోలేదు వదినా. రెండు పొట్టి కూతలు వేశాడు. మళ్ళీ రెండు వేశాడు. నేను విన్నాను. కర్ర కూడా చూశాను. చూసే జెండా ఊపాను."

హాల్లో నవ్వు ఒక్కసారిగా తగ్గింది. ఇది నవ్వాల్సిన చోటో కాదో తెలియక జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వదిన పెదవుల మీద నవ్వు అలాగే నిలిచిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. మెల్లగా తల తిప్పి భర్తని చూసింది.

అప్పుడు డ్రైవరు నవ్వాడు.

తప్పుకునేటప్పటి చిరునవ్వు కాదు. పెద్దగా, భుజాలు కదిలేలా, గొంతు అలవాటులేక మధ్యలో దగ్గు కూడా వచ్చేలా నవ్వాడు. ఆయన అలా నవ్వగా ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. తొడ చరుచుకుని, భార్య వైపు తిరిగి, "వీడు మారడు," అన్నాడు. అంతే. నిదానమే నవ్వాడంటే ఇంకేం కావాలి, హాలు కప్పు లేచిపోయింది. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. వదిన కూడా నవ్వేసింది. నవ్వుతూ, తేలిగ్గా ఊపిరి వదిలి, దొంగ మరిది, ఇవాళ కూడా వదల్లేదు చూడు అని చెల్లెలితో అంది.

"ఇది జోకు కాదు," అన్నాడు గార్డు.

ఆ రోజు అన్నిటికంటే పెద్ద నవ్వు దానికే పడింది.

ఆ నవ్వుల మధ్య డ్రైవరు ఒక్కడే నవ్వు ఆపి, గార్డు వైపు చూశాడు. ఒకే ఒక్కసారి, ఎవరికీ తెలియనంత కొంచెంగా, తల అడ్డంగా ఊపాడు. తర్వాత భార్య చేతిని తన చేతిలోకి తీసుకుని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు.

వెనక వరసల్లోంచి ఇంకోటి, ఇంకోటి అని అరుపులు వచ్చాయి. గార్డు మైకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి ఏమైందంటే, అని మొదలుపెట్టాడు.